జాబితా ఇచ్చాం కదా, ఇక గూగుల్ పని అంటే కుదరదు

"సైట్‌మ్యాప్ సబ్మిట్ చేశాం సార్, ఇంక అన్నీ గూగుల్‌లో వచ్చేస్తాయి."

తెలుగులో వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్ళలో ఈ మాట విననివాళ్ళు అరుదు. సైటు కట్టిచ్చిన డెవలపర్ అంటాడు. అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసొచ్చిన కుర్రాడు అంటాడు. యూట్యూబ్‌లో పాఠాలు చెప్పేవాళ్ళు అంటారు. సాహిత్య పత్రిక నడిపేవాళ్ళు, తండ్రి రాసిన కథలన్నీ సొంత డబ్బుతో టైపు చేయించి ఎక్కించినవాళ్ళు, జిల్లా వార్తల సైటు పెట్టుకున్న విలేకరులు ఆ మాట నమ్మి, పని అయిపోయిందనుకుంటారు. ఏడాది తిరిగాక కథ పేరు ఉన్నదున్నట్టు కొట్టి వెతికినా సైటు జాడ ఉండదు. అడిగితే మళ్ళీ అదే జవాబు: సైట్‌మ్యాప్ ఇంకోసారి సబ్మిట్ చేద్దాం.

ఈ నమ్మకం తప్పు. చిన్న సాంకేతిక పొరపాటని వదిలేయదగ్గది కూడా కాదు. తెలుగు రాతలు ఇంటర్నెట్‌లో ఉండి కూడా లేనట్టే అయిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అయితే తప్పని తేల్చేముందు దాని బలమేమిటో చెప్పుకోవడం న్యాయం.

సైట్‌మ్యాప్ అంటే సైటులోని పేజీల చిరునామాలను వరసగా రాసిపెట్టిన ఎక్స్‌ఎంఎల్ ఫైలు. దాన్ని చదివేవి సెర్చ్ ఇంజన్ల క్రాలర్లు, అంటే పేజీలు తీసుకెళ్ళడానికి సైట్లన్నీ తిరిగే ప్రోగ్రాములు. 2005 జూన్‌లో గూగుల్ దీన్ని తెచ్చింది. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా అదే పద్ధతికి ఒప్పుకున్నాయి. 2007లో, క్రాలర్లకు సూచనలు రాసిపెట్టే రోబోట్స్ ఫైలులో ఒక్క వరస రాస్తే చాలు, క్రాలర్లే సైట్‌మ్యాప్‌ను వెతికి పట్టుకుంటాయన్న ఏర్పాటు వచ్చింది. 2020 ఆగస్టులో, సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో 5.5 వచ్చాక, ప్లగిన్ అనే అదనపు ముక్క తగిలించకుండానే ఆ ఫైలు తయారవుతోంది. కాబట్టి ఆ మాట చెప్పేవాళ్ళ వాదన ఇలా సాగుతుంది: సెర్చ్ కంపెనీలే అడిగి పెట్టించుకున్న జాబితా ఇది. కొత్త సైటుకు బయటినుంచి లింకులుండవు కాబట్టి క్రాలర్‌కు దారి చూపడానికి ఇది పనికొస్తుంది. ఖర్చు లేదు, శ్రమ లేదు. పైగా గూగుల్ సైటు యజమానులకిచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వగానే పచ్చరంగులో 'సక్సెస్' అని వస్తుంది. ఇంకేం కావాలి?

ఇందులో ఒక్కో వాక్యం విడిగా చూస్తే అబద్ధం కాదు. వాటన్నిటినీ కలిపి లాగిన ముగింపే నిలబడదు.

1. జాబితాకెక్కడం వేరు, ఇండెక్స్‌కెక్కడం వేరు

ఒక పేజీ వెతుకులాటలో బయటపడాలంటే నాలుగు అంచెలు దాటాలి. ఆ చిరునామా ఒకటుందని సెర్చ్ ఇంజన్‌కు తెలియాలి. క్రాలర్ వచ్చి పేజీని తీసుకెళ్ళాలి. అందులో ఏముందో చదివి, దాచుకోదగ్గదని తేల్చి ఇండెక్స్‌లో పెట్టుకోవాలి. చివరికి ఎవరో ఏదో వెతికినప్పుడు ఆ ప్రశ్నకు ఈ పేజీ సరైన జవాబని ఎంచాలి. సైట్‌మ్యాప్ పని మొదటి అంచెతో సరి. మిగతా మూడింటి మీద దానికి అధికారమే లేదు. సైట్‌మ్యాప్‌లో పెట్టినంత మాత్రాన పేజీలన్నీ క్రాల్ అవుతాయనీ ఇండెక్స్ అవుతాయనీ హామీ లేదని గూగుల్ తన సూచనల్లో తానే రాసుకుంది. ఓటరు జాబితాలో పేరున్నంత మాత్రాన ఓటు పడినట్టు కాదని మనకు తెలుసు. ఇక్కడ మాత్రం ఎందుకు మరిచిపోతున్నాం?

ఆ 'సక్సెస్' అనే మాట చేసిన చెరుపు చాలా ఉంది. దాని అర్థం ఫైలు తెరుచుకుంది, తప్పుల్లేకుండా చదవగలిగాం అని మాత్రమే. అందులోని పేజీల సంగతి వేరే చోట, పేజ్ ఇండెక్సింగ్ రిపోర్టులో ఉంటుంది. అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళ్తే రెండు వరసలు కనిపిస్తాయి. 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే చిరునామా తెలుసు, ఇంకా వచ్చి చూడలేదని. 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే వచ్చి చూశాం, పెట్టుకోలేదని. ఈ రెండు వరసల్లో పడిన పేజీలకు ఉన్న జబ్బు చిరునామా తెలియకపోవడం కాదు. తెలిసిన చిరునామానే మళ్ళీ మళ్ళీ చెప్తే ఏం ఒరుగుతుంది? మొదటిసారి రానివాడు పదోసారి పిలిస్తే వస్తాడనడానికి ఆధారమేమిటో ఆ సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ చెప్పరు.

ఇంకా కొందరు "నెలనెలా సెర్చ్ ఇంజన్లకు సైట్‌మ్యాప్ సబ్మిషన్" అని ప్యాకేజీలో ఒక వరస రాసి డబ్బు తీసుకుంటున్నారు. సైట్‌మ్యాప్ మారిందని గూగుల్‌కు ఎవరైనా కబురు పంపగలిగే 'పింగ్' ఏర్పాటును తీసేస్తున్నామని ఆ కంపెనీ 2023 జూన్‌లోనే ప్రకటించింది. అలా వచ్చిన కబుర్లలో అత్యధిక భాగం చెత్త సైట్లకే దారి తీశాయని కారణం కూడా చెప్పింది. బింగ్ అంతకు ముందే ఆ తలుపు మూసేసింది. లేని పనికి నెలనెలా డబ్బు కట్టించుకోవడాన్ని ఏమంటారో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

2. సొంత సైటే దారి ఇవ్వని పేజీకి జాబితా దిక్కు కాదు

అసలు గొడవ ఇక్కడుంది. నేను దగ్గరగా చూసిన ఒక కథల పత్రిక సైటు సంగతి చెప్తాను. పేరు అనవసరం, ఇలాంటివి తెలుగులో ఎన్నో ఉన్నాయి. ముఖపత్రం మీద తాజా సంచిక. కింద 'మరిన్ని' అని ఒక బటన్. నొక్కితే జావాస్క్రిప్ట్ ఇంకో పది కథలు తెచ్చి కింద అతికిస్తుంది. మళ్ళీ నొక్కితే ఇంకో పది. పాత సంచికల పేజీ లేదు. రచయితల పట్టిక లేదు. కథ కింద ఆ రచయిత రాసిన ఇంకో కథకు లింకు లేదు. రెండేళ్ళ కిందటి కథ చేరాలంటే ఆ బటన్‌ను నొక్కుతూనే ఉండాలి. అంత ఓపిక ఏ పాఠకుడికుంటుంది?

క్రాలర్‌కు అదీ కుదరదు. గూగుల్ క్రాలర్ బటన్లు నొక్కదు. నిజమైన లింకు ఉంటేనే దాని వెంట వెళ్తుంది. అంటే ఆ పత్రికలో పాత కథలన్నీ సైట్‌మ్యాప్‌లో తప్ప సైటులో ఎక్కడా లేవు. వెబ్ పనివాళ్ళు ఇలాంటివాటిని అనాథ పేజీలంటారు. సైట్‌మ్యాప్‌లో వాటి చిరునామాలు నిక్షేపంగా ఉన్నాయి, సెర్చ్ కన్సోల్‌లో 'సక్సెస్' ఉంది, పాత కథల్లో చాలావాటి పక్కన 'నాట్ ఇండెక్స్‌డ్' ఉంది.

ఎందుకిలా? 1998లో గూగుల్ స్థాపకులు స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ప్రకటించిన పేజ్‌ర్యాంక్ ఆలోచన దగ్గర్నుంచీ ఆ సెర్చ్ ఇంజన్‌కు లింకు ఒక సాక్ష్యం. ఒక పేజీ ఇంకో పేజీకి లింకిచ్చిందంటే అది చూడదగ్గదని చెప్పినట్టు. ఆ లింకు మీద రాసిన మాటలు ఆ పేజీ దేని గురించో చెప్తాయి. చుట్టూ ఉన్న వాక్యాలు సందర్భం చెప్తాయి. ఈ కాలంలో వంద రకాల ఇతర సూచనలు తోడయ్యాయి గానీ లింకు విలువ పోలేదు. సైట్‌మ్యాప్‌లోని వరసలో ఇవేవీ లేవు. అది ఉట్టి చిరునామా. దానికి పేరు లేదు, పొరుగు లేదు, సిఫార్సు లేదు. తన సొంత ముఖపత్రం నుంచి ఎన్ని నొక్కులు నొక్కినా చేరలేని కథ ముఖ్యమైనదని బయటి యంత్రం ఎందుకు అనుకోవాలి?

గూగుల్‌ను పక్కనపెట్టి చూడండి. ఎక్స్‌ఎంఎల్ సైట్‌మ్యాప్‌ను పాఠకుడు ఎన్నడూ తెరవడు. సైట్‌మ్యాప్ ఉందన్న ధీమాతో పాత సంచికల పేజీ కట్టడం మానేస్తే పాఠకుడికి మిగిలిందేమీ లేదు. పాఠకుడు ఒక కథ నుంచి అదే రచయిత ఇంకో కథకు, ఆ సంచిక సంపాదకీయానికి, అక్కడి నుంచి మరో సంచికకు పోతాడు. ఆ దారులు వేయడం సంపాదకుడి పని. మన అచ్చు పత్రికలు విషయసూచిక లేకుండా వచ్చాయా? 1998లో ఈమాట మొదలైన నాటి నుంచి లెక్కేసినా తెలుగు వెబ్ పత్రికలకు పాతికేళ్ళు దాటింది. ఇన్నేళ్ళ తరవాత కూడా సంచికల పట్టిక లేని పత్రికలు కొత్తగా పుట్టుకొస్తుంటే తప్పు గూగుల్‌ది కాదు.

చూపులేనివారి కోసం, చేతులతో మౌస్ ఆడించలేనివారి కోసం వెబ్ ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 2.4.5 అని ఒక నియమముంది. ఒక పేజీని చేరడానికి సైటులో ఒకటి కంటే ఎక్కువ దారులుండాలని దాని సారాంశం. మనుషులు చదవగలిగే సైట్‌మ్యాప్ పేజీ ఆ దారుల్లో ఒకటని అదే ప్రమాణాలు సూచిస్తాయి. యంత్రానికి ఇచ్చిన ఫైలుతో ఆ బాధ్యత తీరదు. స్క్రీన్ రీడర్ సాయంతో తెలుగు కథ వినే పాఠకురాలికి కావాల్సింది సంచిక వారీగా, రచయిత వారీగా కూర్చిన మామూలు పేజీ. ఆ పేజీ కట్టడానికి గొప్ప సాంకేతికత అక్కర్లేదు, మనసు పెడితే చాలు. అది కట్టినరోజు క్రాలర్‌కూ దారి దొరుకుతుంది.

3. యంత్రం చదవలేని తెలుగును జాబితా చదివించలేదు

ఇది మన భాషకు ప్రత్యేకంగా తగిలిన దెబ్బ కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

తెలుగు అచ్చు ప్రపంచం ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్ల మీద నడుస్తోంది. డీటీపీ చేసేవాళ్ళు పేజ్‌మేకర్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో అను ఫాంట్లతో పత్రిక పేజీలు కడతారు. కంటికి అది ముత్యాల్లాంటి తెలుగే. ఫైలు లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలు. ఆ ఫాంటు వాటికి తెలుగు రూపం తొడిగి చూపిస్తుందంతే. అలా కట్టిన సంచికను పీడీఎఫ్ చేసి సైటులో పెడతారు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. అర్థంలేని గుర్తుల వరస పడుతుంది. సెర్చ్ ఇంజన్ ఆ ఫైలు లోంచి అక్షరాలు తీస్తే దొరికేదీ అదే.

ఇప్పుడా పీడీఎఫ్ చిరునామాను సైట్‌మ్యాప్‌లో చేరుస్తారు. క్రాలర్ వస్తుంది, ఫైలు తీసుకెళ్తుంది. కానీ అందులో తెలుగు లేదు! గురజాడ మీద ఇరవై పేజీల వ్యాసముండవచ్చు, 'గురజాడ' అన్న మాట యంత్రానికి తెలిసిన రూపంలో ఒక్కసారీ ఉండదు. ఆ మాట వెతికినవాళ్ళకు ఆ వ్యాసం ఎలా కనిపిస్తుంది?

ఇది కొత్త కష్టం కాదు. 2000 తరవాత తొలి ఏళ్ళలో తెలుగు దినపత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడుకునేవి. ఒక పత్రిక వార్త ఇంకో చోట అతికిస్తే చదవడానికి వీలుండేది కాదు. ఆ అక్షరాలను యంత్రాలన్నిటికీ తెలిసిన యూనికోడ్‌ సంకేతాల్లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు 'పద్మ' అనే పొడిగింపు తయారు చేయాల్సి వచ్చింది. చదవాలన్న ఆశతో జనం దాన్ని పెట్టుకున్నారు. దినపత్రికలు తరవాత యూనికోడ్‌కు మారాయి. ఆ మార్పు వల్లే వాటి వార్తలు ఇవాళ వెతికితే దొరుకుతున్నాయి. జాబితాలు ఇవ్వడం వల్ల కాదు. చిన్న పత్రికల్లో చాలామంది మాత్రం ఆ దశలోనే ఆగిపోయి, మారాల్సిన అక్షరాన్ని మార్చకుండా సైట్‌మ్యాప్ మీద భారం వేశారు.

పాత సంచికలను ఫొటోలు తీసి బొమ్మలుగా పెట్టేవాళ్ళదీ దాదాపు ఇదే కథ. బొమ్మ దాచుకోవడం మంచిదే, అది మూలప్రతి. దాని పక్కన కథ పేరు, రచయిత పేరు, సంచిక నెల, మొదటి పేరా అయినా యూనికోడ్‌లో టైపు చేయించి పెట్టండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి. మార్చాక ఒత్తులు, అరసున్నాలు, పొల్లులు తప్పుతాయి కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి. విసుగు పుట్టించే పని, కళ్ళు నొప్పి పుట్టే పని. అయినా తెలుగు రాతకు ఇంటర్నెట్‌లో ఆయుష్షు పోసేది ఆ పనే.

4. "ప్లగిన్ అన్నీ చూసుకుంటుంది" అన్నమాట

ప్లగిన్‌కైనా వర్డ్‌ప్రెస్‌కైనా మన సైటులో ఏది ముఖ్యమో తెలియదు. డేటాబేస్‌లో ఏముంటే అది వరసగా రాస్తుంది. వర్డ్‌ప్రెస్ తనంతట తాను తయారుచేసే సైట్‌మ్యాప్‌ను ఒకసారి తెరిచి చూడండి. కథలు, పేజీలతో పాటు వర్గాలు, ట్యాగులు, వాడుకరులు అన్నీ అందులో ఉంటాయి. ఒక్కో కథకు పది ట్యాగులు తగిలించే అలవాటున్న పత్రికలో ఒకే ఒక్క కథ ఉన్న ట్యాగు పేజీలు కథల కంటే ఎక్కువైపోతాయి. వాడుకరుల జాబితాలో రచనలు ప్రచురించిన ప్రతి ఖాతా చిరునామా ఉంటుంది. మార్చకపోతే ఆ చిరునామాలో ఉండేది సాధారణంగా లాగిన్ పేరు నుంచి పుట్టిన ముక్కే. సైట్‌మ్యాప్ బహిరంగ ఫైలు, ఎవరైనా తెరవవచ్చు. సైటుకు కన్నం వేయాలనుకునేవాడికి సగం సమాచారం మనమే అందించినట్టు కాదా?

చిరునామాల సంగతి చూద్దాం. తెలుగు అక్షరాలతో చిరునామా ఉంటే బ్రౌజర్ మనకు తెలుగులోనే చూపిస్తుంది. సైట్‌మ్యాప్ ఫైలులో మాత్రం దాన్ని శాతం గుర్తులతో సంకేతాలుగా రాయాలి. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు, వెరసి తొమ్మిది. గుణింతం, పొల్లు కూడా విడి సంకేతాలే. 'తెలుగు' అని రాస్తే ఆరు సంకేతాలు, 54 గుర్తులు. వర్డ్‌ప్రెస్ శీర్షిక నుంచి చిరునామా తయారు చేసేటప్పుడు ఇలాంటి గుర్తులు 200 దాటితే మిగతాది కోసేస్తుంది. 'మా ఊరి చెరువు గట్టు మీద మర్రిచెట్టు' అని కథ పెట్టి, చిరునామా సంగతి పట్టించుకోకుండా ప్రచురించారనుకోండి. చిరునామా 'మా ఊరి చెరువు గట్టు మీద మర' దగ్గర తెగిపోతుంది. పొడుగు పేరున్న సీరియల్‌కైతే 'మొదటి భాగం', 'రెండో భాగం' అన్న తోకలు తెగి, భాగాలన్నిటికీ ఒకటే మొండెం మిగులుతుంది, చివర అంకె ఒక్కటే తేడా. ఇవన్నీ సైట్‌మ్యాప్‌లో బారులు తీరి ఉంటాయి. ప్లగిన్ ఒక్కసారి కూడా ఇది బాగాలేదని చెప్పదు. తెరిచి చూస్తే తెలిసేది. ప్లగిన్ చూసుకుంటుందన్నాక తెరిచి చూసేదెవరు?

ఇక సైట్‌మ్యాప్‌లో ప్రయారిటీ, చేంజ్‌ఫ్రీక్వెన్సీ అని రెండు గడులున్నాయి. ముఖపత్రానికి 1.0, కథకు 0.8, రోజూ మారుతుంది, వారానికోసారి మారుతుంది అని రకరకాలుగా నింపి, అదేదో మహా విద్య అయినట్టు క్లాసుల్లో చెప్తారు. గూగుల్ ఆ రెండు గడులనూ పట్టించుకోదు. ఎవరి పేజీ వాళ్ళకు ముఖ్యమే కాబట్టి ఆ అంకెలు వాస్తవాన్ని చూపడం లేదని కారణం కూడా చెప్పింది. పట్టించుకునేది లాస్ట్‌మాడ్ ఒక్కటే, అంటే పేజీ చివరిసారి ఎప్పుడు మారిందన్న తేదీ. అదీ ఎప్పుడు? ఆ తేదీలు నిజమని తనకు నమ్మకం కుదిరినప్పుడు. వర్డ్‌ప్రెస్ సొంత సైట్‌మ్యాప్‌లో ఆ గడి 2020లో లేనే లేదు, 2024లో 6.5తో వచ్చింది. కొన్ని సైట్లలో సర్వర్ మార్చినరోజు కథలన్నిటి మీదా ఒకటే తేదీ పడుతుంది. కొన్నిట్లో కింద కాపీరైటు సంవత్సరం మార్చగానే వేల పేజీలు 'ఇవాళ మారాయి' అని లెక్కలోకి వస్తాయి. అలాంటి మార్పును మార్పుగా లెక్కించవద్దని గూగుల్ స్పష్టంగా చెప్పింది. నిజంగా దిద్దిన రోజున మన మాట వినేవాళ్ళుండాలంటే దిద్దని రోజున దిద్దామని చెప్పకూడదు.

5. "ఉంటే నష్టమేముంది?"

ఓడిపోయిన వాదన చివరికి ఎక్కడ తలదాచుకుంటుందంటే ఇక్కడే. నష్టముంది.

తీసేసిన పేజీలు, దారి మళ్ళించిన పేజీలు, ఇండెక్స్ చేయొద్దని మనమే గుర్తు పెట్టిన పేజీలు, రోబోట్స్ ఫైలులో అడ్డుకున్న పేజీలు సైట్‌మ్యాప్‌లో ఉంటే మనం ఒకే నోటితో రమ్మనీ వద్దనీ చెప్పినట్టే. ఒకే కథకు రెండు చిరునామాలుండి, పేజీలో ఒకదాన్ని అసలుదని చెప్పి సైట్‌మ్యాప్‌లో రెండోదాన్ని పెడితే ఏది అసలో తేల్చుకునే పని యంత్రం మీద పడుతుంది. అది మనకు నచ్చినట్టే తేల్చుకుంటుందన్న హామీ లేదు. సైట్‌మ్యాప్‌లోంచి తీసేస్తే పేజీ గూగుల్‌లోంచి పోతుందని నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. పోదు. పొరపాటున ఎవరి ఫోన్ నంబరో ప్రచురించి, సైట్‌మ్యాప్‌లో ఆ వరస చెరిపేసి ఊరుకుంటే ఆ నంబరు అలాగే వెతుకులాటలో తేలుతూ ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం మరొకటి. సైట్‌మ్యాప్ ఇచ్చాం కాబట్టి పని పూర్తయిందన్న తృప్తి. ఆ తృప్తి లేకపోతే సంపాదకుడు "నా పాత కథలు ఎందుకు కనిపించడం లేదు?" అని అడిగి, జవాబు దొరికేదాకా వదిలేవాడు కాదు. పాత సంచికల పేజీ కట్టించేవాడు, పీడీఎఫ్‌లను యూనికోడ్ చేయించేవాడు. ఇప్పుడు ఆ ప్రశ్నకు పచ్చరంగు 'సక్సెస్' అడ్డొస్తోంది.

6. "అయితే సైట్‌మ్యాప్ దండగ" అనేవాళ్ళకు

ఇటువైపు తూగేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళతోనూ నాకు పేచీయే. అయిదు వందల పేజీల లోపు ఉండి, లింకులన్నీ సక్రమంగా ఉన్న సైటుకు సైట్‌మ్యాప్ అవసరం ఉండకపోవచ్చని గూగుల్ చెప్పిన మాట నిజం. ఆ వాక్యాన్ని పట్టుకుని అందరికీ దండగనడం అన్యాయం. రోజూ వందల వార్తలు వేసే పత్రికకు గడచిన రెండు రోజుల వార్తలతో వేరే న్యూస్ సైట్‌మ్యాప్ ఉంటుంది, అది కొత్త వార్తను త్వరగా అందించడానికి పనికొస్తుంది. లక్షల పేజీలున్న సైటులో ఒక్కో ఫైలుకు 50,000 చిరునామాల పరిమితితో, వాటన్నిటికీ పైన ఇండెక్స్ ఫైలుతో కట్టిన సైట్‌మ్యాప్ లేకపోతే క్రాలర్ ఏదో ఒక మూలను వదిలేయవచ్చు.

చిన్న పత్రికకు కూడా దీంతో ఒక గొప్ప ఉపయోగముంది. దాన్ని ఎవరూ క్లాసుల్లో చెప్పరు. అన్నిటినీ ఒకే ఫైలులో కుక్కకుండా ఏడాదికొక సైట్‌మ్యాప్ చేయండి, లేదా కథలకొకటి, వ్యాసాలకొకటి, సమీక్షలకొకటి. సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ రిపోర్టును ఒక్కో సైట్‌మ్యాప్ వారీగా విడదీసి చూడవచ్చు. 2016 కథల్లో ఎన్ని ఇండెక్స్ అయ్యాయి, 2022 కథల్లో ఎన్ని అయ్యాయి అన్నది అప్పుడు బయటపడుతుంది. ఏ ఏడాది పేజీలు ఆగిపోయాయో ఆ ఏడాది పేజీలకు లింకులున్నాయా, అక్షరాలు యూనికోడ్‌లో ఉన్నాయా అని వెళ్ళి చూడవచ్చు. గూగుల్‌కు చెప్పడానికి కంటే మనం సరిచూసుకోవడానికే సైట్‌మ్యాప్ ఎక్కువ పనికొస్తుంది.

కనుక నేననేది ఇది. సైట్‌మ్యాప్ చివరి పని, మొదటి పని కాదు. ముందు ప్రతి పేజీకీ సైటులోనే దారి వేయాలి: సంచికల పట్టిక, రచయితల పట్టిక, ప్రతి కథ కింద ముందు వెనకల లింకులు. తరవాత అక్షరం యూనికోడ్‌లో ఉండాలి. చిరునామా చిన్నదిగా ఉండాలి, ఒకసారి పెట్టాక మారకూడదు, మార్చక తప్పకపోతే పాతదాని నుంచి కొత్తదానికి దారి మళ్ళించాలి. ఇవయ్యాక, నిజంగా వెతుకులాటలో కనిపించాలని కోరుకునే పేజీలనే, నిజమైన తేదీలతో, సైట్‌మ్యాప్‌లో పెట్టాలి. ఈ వరస తిరగేసి అమ్మేవాళ్ళు వెబ్‌సైట్ పని రానివాళ్ళన్నా కావాలి, వచ్చి కూడా తప్పించుకునేవాళ్ళన్నా కావాలి.

పత్రిక నడుపుతున్నవారికి నాదొక విన్నపం. ఇవాళే మీ సైటు ముఖపత్రం తెరవండి. వెతుకు పెట్టె వాడకుండా, లింకులు మాత్రమే నొక్కుతూ, మీ మొట్టమొదటి సంచికలోని ఒక కథ దగ్గరికి వెళ్ళే ప్రయత్నం చేయండి. చేరితే అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరే చోట అతికించండి, తెలుగే పడుతుందేమో చూడండి. ఈ రెంట్లో ఏది కుదరకపోయినా మీ డెవలపర్‌ను పిలిచి ముందు అది సరిచేయమనండి. అది సరయ్యేదాకా సైట్‌మ్యాప్ పేరుతో వచ్చే ఏ బిల్లుకూ డబ్బు కట్టకండి.